చీలిన డెక్‌కు టాకాలు వేయించాలా, కొత్తది కొనాలా?

హనుమకొండ నయీంనగర్ నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. కొడుకుకు పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, బరువు 42 కిలోలు. రెండేళ్లుగా స్టంట్ స్కూటర్ తొక్కుతున్నాడు. అంటే మోటారు ఉండదు, మడత ఉండదు, ఒక కాలితో నెట్టుకుంటూ వెళ్లి మెట్ల మీంచి, గద్దెల మీంచి దూకే రకం. కాలనీ సీసీ రోడ్డు మీద, కమ్యూనిటీ హాలు ముందున్న గ్రానైట్ మెట్ల దగ్గర రోజూ సాయంత్రం ఆడతాడు. నెల రోజులుగా దూకి దిగిన ప్రతిసారీ ముందు వైపు ‘టక్’మని చప్పుడు వస్తోంది. తుడిచి చూస్తే, హ్యాండిల్ కూర్చునే గొట్టం (హెడ్ ట్యూబ్) డెక్‌కు, అంటే కాళ్లు పెట్టి నిలబడే పలకకు, అతికిన చోట కింది వైపు రెండు సెంటీమీటర్ల సన్నటి గీత కనిపించింది.

ఆమె ఇలా రాశారు: “మా ఆయన కాజీపేట లోకో షెడ్‌లో ఫిట్టర్. ‘గీ సత్తు ముక్కకు పదమూడు వేలా? ములుగు రోడ్డుల ఆర్గాన్ వెల్డింగ్ చేసేటోని దగ్గర రెండు టాకాలేయిస్తే అయిపాయె’ అంటున్నారు. పిల్లవాడు దసరాకు, పుట్టినరోజుకు వచ్చిన డబ్బులు కూడబెట్టి 7,500 చేసుకున్నాడు. మిగతా 5,500 బాపుకు తెలవకుండ నన్ను వేయమంటున్నాడు. వాడికి 23 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు డెక్కే కావాలట. హైదరాబాద్‌లో మా మరిది కొడుకు దగ్గర అలాంటిదే ఉంది, మూడేళ్లు వాడాడు, ఊరికే ఇస్తానన్నాడు. ‘మాది ఉండంగ కొత్తదెందుకక్కా’ అని మా తోటికోడలు రెండుసార్లు ఫోన్ చేసింది. వద్దంటే ఆమె మనసు కష్టపెట్టుకుంటుంది, తెస్తే మంచిదో కాదో నాకు తెలియదు. వచ్చే ఏడాది పదో తరగతి. ఏం చేయమంటారు?”

అమ్మా, డబ్బు సంగతి, చుట్టరికం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ స్కూటర్‌ను పక్కన పెట్టించండి. దూకకుండా మామూలుగా తొక్కినా వద్దు. గీత ఎక్కడ వచ్చిందో మీరు స్పష్టంగా రాయడం మంచిదైంది. హెడ్ ట్యూబ్ కింది అతుకు డెక్ మొత్తంలో ఎక్కువ భారం పడే చోటు. పిల్లవాడు కిందికి దిగినప్పుడు బరువంతా కాళ్ల కింద పడుతుంది. ముందు చక్రం, దాన్ని పట్టి ఉంచే ఫోర్క్ కలిసి ఒక గునపంలా ఆ అతుకును పైకి విరుస్తాయి. ఉక్కులో అయితే ఒక మోతాదు కన్నా చిన్న దెబ్బలు ఎన్ని తగిలినా లెక్కలోకి రావు. అల్యూమినియంకు అలాంటి హద్దు లేదు, ప్రతి దెబ్బా కొంత మిగులుతుంది. చీలిక ఒకసారి మొదలయ్యాక మొదటి సెంటీమీటరుకు నెలలు పట్టవచ్చు, ఆ తర్వాత మిగతా అతుకంతా ఒకే దూకుడులో పోవచ్చు. పోయినప్పుడు హ్యాండిల్ చేతిలోనే ఉంటుంది, డెక్ వెనక్కి పోతుంది, పిల్లవాడు ముఖం మీద పడతాడు. మణికట్టు, పళ్లు, గదమ దెబ్బతినేది ఇలాగే.

అది నిజంగా లోహంలో చీలికా, లేక పెయింటు మీది గీతా అన్నది తేల్చుకునే హక్కు మీకుంది. ఇందులో మీవారిని మించిన మనిషి మీకు దొరకడు. పగుళ్లు పట్టడానికి ఎర్రరంగు స్ప్రే కొట్టి, తుడిచి, తెల్లపొడి చల్లే డై పెనిట్రెంట్ పరీక్ష ఫిట్టర్లకు తెలిసిందే. ఆ డబ్బాలు బయట కూడా దొరుకుతాయి. ఇంట్లో చేయాలంటే కిరోసిన్, సుద్దపొడి చాలు. గీత ఉన్న చోట దుమ్ము, గ్రీజు పోయేలా కడిగి ఆరబెట్టండి. కిరోసిన్‌ను దూదితో బాగా పట్టించి పదిహేను ఇరవై నిమిషాలు వదలండి. కిరోసిన్ దొరకకపోతే డీజిల్ పనికొస్తుంది. పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి, మెత్తటి సుద్దపొడి పలుచగా అద్దండి. హ్యాండిల్ పట్టుకుని ముందు చక్రాన్ని గోడకు ఆనించి నాలుగైదు సార్లు గట్టిగా నొక్కండి. లోహం చీలితే లోపలికి వెళ్లిన నూనె తిరిగి బయటికి వచ్చి పొడి మీద తడి గీత గీస్తుంది. పెయింటే పగిలి ఉంటే పొడి దాదాపు పొడిగానే ఉంటుంది. ఈ పని గ్రిప్ టేప్‌కు (డెక్ మీద అంటించిన గరుకు పట్టీ), బేరింగులకు తగలకుండా, పొయ్యికి దూరంగా చేయండి. నెల రోజులుగా చప్పుడు కూడా వస్తోందంటున్నారు కాబట్టి అది చీలికే అయి ఉండే అవకాశం ఎక్కువ.

ఇక టాకాల సంగతి. వెల్డింగ్ చేసే ఆయన పనితనం మీద నాకు అనుమానం లేదు. ఆర్గాన్ మీద అల్యూమినియం చక్కగా అతుకుతుంది, చూపుకు పాత అతుకు కన్నా అందంగా కూడా రావచ్చు. ఇబ్బంది లోహంలో ఉంది. మంచి డెక్‌లు ఎక్కువగా 6061 అనే అల్యూమినియం మిశ్రమంతో, టీ6 పదును (వేడితో గట్టిపరిచిన స్థితి) మీద వస్తాయి. ఆ పదునులో దాని యీల్డ్ బలం, అంటే వంగిపోకుండా తట్టుకునే హద్దు, సుమారు 275 మెగాపాస్కల్. టార్చి పెట్టగానే అతుకు పక్కన వేలెడు మేర ఆ పదును దిగిపోతుంది, బలం సగానికి పడిపోవడం మామూలే. తిరిగి రావాలంటే డెక్ మొత్తాన్ని సుమారు 530 డిగ్రీల దాకా కాల్చి, నీళ్లలో చల్లార్చి, ఆ తర్వాత 160–180 డిగ్రీల కొలిమిలో గంటల తరబడి ఉంచాలి. ఇది షాపులో జరిగే పని కాదు. అందుకే టాకా వేసినచోట విరగదు, దాని పక్కనే విరుగుతుంది. రెండో చిక్కు, వేడికి హెడ్ ట్యూబ్ గుండ్రం చెడుతుంది. వెంట్రుకంత చెడినా బేరింగ్ సరిగా కూర్చోదు, హ్యాండిల్ వదులైనట్టే ఉంటుంది, ఎంత బిగించినా పోదు. వెల్డింగ్‌కు అయ్యే ఖర్చు చిన్నదే కావచ్చు, దానితో కొనుక్కునేది మాత్రం ‘బాగైంది’ అనే నమ్మకం. ఆ నమ్మకం మీద పిల్లవాడు మునుపటి కన్నా ఎత్తు నుంచి దూకుతాడు. మీవారితో ఈ మాట పెట్టి చూడండి: ఇరుసు మీద పగులు కనబడితే టాకా వేసి మళ్లీ బండికి ఎక్కిస్తారా అని. ఆ లెక్క ఆయన వృత్తిలోనే ఉంది.

మరిది గారి అబ్బాయి డెక్ గురించి. ఊరికే వస్తోంది కదా అని తీసుకోవడం తప్పు కాదు, ముఖం చెల్లక తీసుకోవడం మాత్రం వద్దు. ‘తెప్పించి చూస్తాం, వాడికి సరిపోతే వాడతాడు’ అని మీ తోటికోడలితో ముందే అనండి. డెక్ ఒక్కటే కాకుండా ఫోర్క్, చక్రాలు, హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగుల సెట్) కూడా ఇస్తే తీసుకోండి. డెక్ పనికిరాకపోయినా అవి పనికొస్తాయి, ఆమె ఇచ్చిన వస్తువు మీ ఇంట్లో వాడుకలోనే ఉంటుంది.

మూడేళ్లు దూకిన డెక్‌ను ఇలా పరీక్షించాలి. మెడ దగ్గర, అంటే హెడ్ ట్యూబ్ అతికిన చోట, గ్రిప్ టేప్‌ను హెయిర్ డ్రయర్‌తో వేడిచేసి నాలుగంగుళాలు వెనక్కి లేపండి. చీలికలు దాక్కునేది దాని కిందే. అతుకు చుట్టూ పైన చెప్పిన సుద్దపొడి పరీక్ష చేయండి. వెనక చక్రం ఇరుసు పట్టే చెవులు, బ్రేకు బోల్టుల కన్నాలు, ఈ రెండు చోట్లా కూడా అదే పరీక్ష. పొడవాటి ఉక్కు స్కేలును అడుగున డెక్ పొడవు వెంట ఆనించండి. చాలా డెక్‌లలో బరువంతా పడే వెనక భాగం కిందికి కుంగుతుంది. స్కేలుకు, డెక్‌కు మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు కనబడితే దాని ఆయుష్షు అయిపోయినట్టే. తర్వాత బోర్లా పెట్టి వెనక నుంచి ఒక కన్ను మూసి చూడండి, రెండు చక్రాలు ఒకే గీత మీద ఉండాలి. బేరింగ్‌ను హెడ్ ట్యూబ్‌లో చేత్తో పెట్టి చూడండి. కూర్చున్నాక పక్కలకు కదలకూడదు, కదిలితే ఆ గూడు అరిగింది. గ్రానైట్ అంచుల మీద గీకిన డెక్‌కు అడుగు కూడా పలచబడుతుంది. ఆ అబ్బాయి ఎక్కువగా గ్రైండ్లు (అంచుల మీద డెక్ అడుగుతో జారడం) చేసేవాడైతే, అడుగున వేలితో నొక్కితే లొత్తపడే చోటు ఉందేమో వెతకండి. వీటిలో ఏ ఒక్కటి తేలినా డెక్‌ను వదిలేయాలి. అన్నీ బాగున్నా, మీవాడికి ఆ కొలత పనికొస్తుందా అన్నది వేరే ప్రశ్న.

వాడికి 6 అంగుళాలే ఎందుకు కావాలో నాకు అర్థమవుతోంది. హైదరాబాద్ అన్న అది తొక్కుతాడు, చూడ్డానికి దిట్టంగా ఉంటుంది. కానీ 23 బై 6 కొలతలో వీధి రకం డెక్ ఒక్కటే రెండు కిలోలకు దగ్గరగా తూగుతుంది. 20 బై 5 లోపు డెక్‌లు కిలోన్నర లోపే దొరుకుతాయి. 42 కిలోల పిల్లవాడికి ఆ అర కిలో తేడా చిన్నది కాదు. డెక్‌ను హ్యాండిల్ చుట్టూ తిప్పే టెయిల్‌విప్‌లో బరువైన పొడవు డెక్ ఆలస్యంగా తిరుగుతుంది, తిరిగి వచ్చి మడమకో పిక్కకో తగులుతుంది. ఎగిరేటప్పుడు నడుం లాగుతుంది. వెడల్పు డెక్ లాభం మరోచోట ఉంది. అడుగు చదునుగా, వెనక చివర పెట్టెలా నలుచదరంగా ఉంటుంది కాబట్టి గద్దె అంచు మీద జారేటప్పుడు, నిలబెట్టేటప్పుడు స్థిరంగా ఉంటుంది. కాబట్టి వాడిని ఏం కావాలని అడగకండి, ఏం చేస్తావని అడగండి. ఎక్కువగా ఎగరడం, తిప్పడం అయితే 4.8 నుంచి 5.2 అంగుళాల వెడల్పు, 20 నుంచి 21.5 అంగుళాల పొడవు వాడికి తగినది. రోజంతా గ్రానైట్ అంచుల మీదే ఉంటే 5.5 దాకా వెళ్లొచ్చు. 6 అంగుళాలకు మాత్రం ఇంకో రెండేళ్లు ఆగడం మేలు. ఎదిగే వయసు కాబట్టి చెప్పిన దాంట్లో పెద్ద అంచు వైపు మొగ్గినా నష్టం లేదు.

కొనేముందు అట్టపెట్టె ముక్కలు కోయించండి: 5, 5.5, 6 అంగుళాల వెడల్పున మూడు పట్టీలు. రోజూ వేసుకునే బూట్లతో వాటి మీద తొక్కే భంగిమలో నిలబడమనండి. ముందు కాలు బూటు అంచు రెండు వైపులా కొద్దిగా బయటికి ఉన్నా ఫర్వాలేదు, మడమ సగం గాల్లో ఉంటే చిన్నది. పొడవు చూసేటప్పుడు ప్రకటనలోని మొత్తం పొడవును నమ్మకండి. ఒకరు వెనక చివరి దాకా కొలుస్తారు, ఒకరు బ్రేకు దాకా. హెడ్ ట్యూబ్ వెనక నుంచి బ్రేకు మొదలు దాకా కాళ్లకు మిగిలే చోటు ఎంతో అడగండి, పాత డెక్ మీద అదే కొలిచి పోల్చండి.

ఇప్పుడు డబ్బు జారిపోయే చోటు చెప్తాను, దీన్ని నిదానంగా చదవండి. పదమూడు వేలకు వచ్చేది డెక్ మాత్రమే. దానితో ఇరుసు, బ్రేకు సాధారణంగా వస్తాయి, హెడ్‌సెట్ తరచూ రాదు, గ్రిప్ టేప్ కొన్నిసార్లు రాదు. పాత స్కూటర్ భాగాలు దానికి అమరకపోతే ఖర్చు అక్కడితో ఆగదు. ఇవి వాడి చేతే కొలిపించండి, మీవారి వెర్నియర్ ఉంటే మరీ మంచిది. చక్రం వ్యాసం, వెడల్పు: వీధి రకం వెడల్పు డెక్‌లు ఇప్పుడు 30 మి.మీ. వెడల్పు చక్రాలకు, కొన్ని 12 మి.మీ. ఇరుసుకు చేస్తున్నారు. మీవాడిది 24 మి.మీ. చక్రం, 8 మి.మీ. ఇరుసు అయితే సందు నింపే రింగులు (స్పేసర్లు) కావాలి. ఇరుసు కన్నమే పెద్దదైతే దానికి తగిన అడాప్టర్ దొరకాలి, లేదా కొత్త చక్రం కొనాలి. హెడ్‌సెట్: ఈ రకం డెక్‌లలో ఎక్కువగా 41.8 మి.మీ. బయటి వ్యాసం ఉన్న బేరింగులు నేరుగా గూట్లో కూర్చుంటాయి. చవక స్కూటర్లలో బేరింగులకు విడిగా కప్పులు బిగించి, మరలున్న ఫోర్క్ వాడతారు. మీ పాతది ఆ రకమైతే ఫోర్క్ కూడా మార్చాల్సిందే. ఫోర్క్ గొట్టం వ్యాసం 28.6 మి.మీ. ఉందో లేదో చూడండి. హెడ్ ట్యూబ్ ఎత్తు: కొత్తది నాలుగైదు మిల్లీమీటర్లు పొట్టిదైతే రింగులతో సర్దుకోవచ్చు. పొడుగైతే ఫోర్క్ గొట్టం పైకి తక్కువగా వస్తుంది, కంప్రెషన్ (ఫోర్క్‌ను, బేరింగులను కలిపి నొక్కి పట్టే బిగింపు) బిగుసుకోదు, హ్యాండిల్ ఎప్పుడూ కొట్టుకుంటూనే ఉంటుంది. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, రవాణా కలిపిన ధరనే ధర అనుకోండి. కొలత తప్పితే వెనక్కి పంపడం దాదాపు జరగని పని.

ఈ కొలతలన్నీ తీశాక రెండు దారులు తేలతాయి. పాత భాగాలు మూడొంతులు అమరితే, 5 అంగుళాల దగ్గరి డెక్ ఒకటి వాడి 7,500కు కాస్త కలిపి కొనడం లాభం. మరలున్న ఫోర్క్, అరిగిన చక్రాలు, వంగిన హ్యాండిల్ ఉంటే విడి డెక్ మీద పెట్టే ప్రతి రూపాయి ఇంకో రూపాయిని లాగుతుంది. అప్పుడు పూర్తి స్టంట్ స్కూటర్ కొనడమే చవక. డెకాథ్లాన్‌లో దొరికేలాంటివి చేత్తో పట్టుకుని, ఎక్కి నిలబడి చూసి కొనవచ్చు, భాగాలన్నీ ఒకదానికొకటి అమరే వస్తాయి. వాడికి ఇది కొంచెం నిరాశ, ఎందుకంటే తనకు నచ్చిన డెక్ దొరకదు. కానీ ఆ రోజు సాయంత్రమే తొక్కవచ్చు. ఏది కొన్నా మడతపెట్టే స్కూటర్ మాత్రం వద్దు, ఆ మడత కీలు దూకుళ్లకు చేసింది కాదు.

బిగింపు గురించి కొద్దిగా. బేరింగ్ బయటి అంచున ఉన్న ఏటవాలు హెడ్ ట్యూబ్ లోపలికి, లోపలి అంచున ఉన్న ఏటవాలు బయటికి ఉండాలి. తిరగేస్తే నెలలోపే గూడు తినేస్తుంది. కొద్దిగా గ్రీజు పెట్టండి. హ్యాండిల్‌ను ఫోర్క్ గొట్టానికి పట్టే క్లాంప్ బోల్టులు వదులుగా ఉంచి, ముందు కంప్రెషన్ బోల్టు బిగించాలి. హ్యాండిల్ తేలిగ్గా తిరగాలి, ముందుకు వెనక్కు ఊపితే కదలకూడదు. ఆ తర్వాత చక్రంతో హ్యాండిల్ సూటిగా పెట్టి, క్లాంప్ బోల్టులను ఒక్కొక్కటి పావు చుట్టు చొప్పున మార్చి మార్చి బిగించాలి. క్లాంప్ బిగించాక కంప్రెషన్ తిప్పితే ఏమీ బిగుసుకోదు, మరలు మాత్రం పోతాయి. అంగుళం ఎత్తు నుంచి స్కూటర్‌ను నేల మీద వదిలితే ‘ధబ్’ అనాలి, గలగల వినబడితే ఇంకా వదులుంది. మొదటి వారంలో ప్రతి రోజూ ఈ పరీక్ష చేయాలి, అన్నీ కూర్చునేది అప్పుడే.

తర్వాతి సంరక్షణ పెద్ద పని కాదు. ఆదివారం ఆదివారం తడిగుడ్డతో మెడ అతుకు, వెనక చెవులు తుడిచి ఫోన్ టార్చి వేసి చూడాలి. మురికి మీద చీలిక కనబడదు. బ్రేకు బోల్టులు అదిరి వదులవుతాయి, నీలం రంగు థ్రెడ్‌లాక్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క చాలు, ఎర్రది వాడితే ఊడదు. ఇరుసు కడ్డీకి పలుచగా గ్రీజు రాయండి. వానాకాలంలో ఉక్కు ఇరుసు అల్యూమినియం కన్నంలో పట్టేసుకుని ఇక రాదు. తడిసిన రోజు పైపు పెట్టి కడగొద్దు, గుడ్డతో తుడిచి, చక్రాలు తిప్పి, ఫ్యాను కింద పెట్టండి. ఎండాకాలం మిద్దె మీద, కారు డిక్కీలో వదిలితే గ్రిప్ టేప్ జిగురు కరిగి అంచులు లేస్తాయి. మార్చేటప్పుడు వేడిచేసి ఊడదీసి, జిగురు మరకలు థిన్నర్‌తో తుడిచి, ఆరాక కొత్తది మధ్య నుంచి అంచులకు చెంచా వెనక భాగంతో నొక్కుతూ అంటించండి. అంచుల వెంట స్క్రూడ్రైవర్ కడ్డీతో రుద్దితే తెల్లగీత పడుతుంది, దాని వెంట బ్లేడు నడపండి. గ్రానైట్‌కు కొట్టుకుని అడుగు అంచున లేచిన ముక్కలను ఆకురాయితో రుద్దేయాలి, లేకపోతే పిక్కలు కోస్తాయి. జారడానికి రాసే మైనం అడుగుకే రాయాలి, పైకి, బ్రేకుకు అంటనివ్వకూడదు. పెద్దవాళ్లు ఎక్కి ‘చూస్తా’ అనొద్దు, ఇద్దరు ఎక్కడం అసలే వద్దు. తలకు హెల్మెట్, చేతులకు మణికట్టు పట్టీలు లేకుండా మెట్ల దగ్గరికి వెళ్లనివ్వకండి.

మిగిలింది మీవారికి చెప్పకుండా 5,500 ఇవ్వడం. ఇస్తే పని త్వరగా అవుతుంది. కొత్త డెక్ ఇంట్లోకి వచ్చిన రోజే ఆయన ధర అడుగుతారు, అప్పుడు మీరిద్దరూ ఆయన ముందు ఒక పక్కన నిలబడాల్సి వస్తుంది. పైగా బేరింగులు ఒత్తడానికి, కొలతలు తీయడానికి, వారం వారం చూడటానికి ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పనిమంతుణ్ని దూరం చేసుకుంటారు. ఇవ్వకపోతే పిల్లవాడు అలుగుతాడు, అది కొన్నాళ్లే. మధ్య దారి ఒకటుంది. సుద్దపొడి పరీక్ష తండ్రీకొడుకుల చేత కలిపి చేయించండి. తడి గీత ఆయన కళ్లతో చూశాక టాకాల మాట ఆయనే మానుకోవచ్చు. మానుకోకపోతే, తక్కువ ధర డెక్ అయినా వాడి సొంత డబ్బుతో కొననిమ్మని అడగండి, అంతకు మించి మీరు వేయబోవడం లేదని వాడికీ చెప్పండి. పదో తరగతి గురించి మీ ఆందోళన వేరే విషయం, దాన్ని వెల్డింగ్‌తో ముడిపెట్టొద్దు. ఆట సమయం తగ్గించాలనుకుంటే సమయమే తగ్గించండి. సాయంత్రం గంటను అరగంట చేసినా, సెలవు రోజులకే ఉంచినా ఫర్వాలేదు. విరిగే డెక్ ఇచ్చి ఆట మాన్పించే దారి మాత్రం వద్దు.

చీలిక అని తేలితే పాత డెక్‌ను అలాగే పాత సామాన్ల బండికి వేయకండి. వీధిలో ఇంకో పిల్లవాడు దాన్ని ఏరుకుని చక్రాలు తగిలించుకోగలడు. మెడ దగ్గర హ్యాక్సాతో రెండు ముక్కలు చేయించి, అప్పుడు తూకానికి వేయండి. ఇరుసు, బ్రేకు, నట్లు, వాషర్లు ముందే విప్పి ఒక డబ్బాలో దాచండి.